పక్క గాడి

పన్నెండేళ్ళలో అత్తగారు ఒక్కసారి కూడా పెద్దకోడలు పనిచేసే ఆ కంప్యూటర్ షాపు గడప తొక్కలేదు. బుధవారం మధ్యాహ్నం తొక్కింది, చిన్నకోడలి చెయ్యి పట్టుకుని.

పెద్దకోడలు అప్పుడు వెనకగదిలో తన బల్ల ముందు కూర్చుని, ఎవరిదో పాత కంప్యూటర్ పొట్ట విప్పి దుమ్ము దులుపుతోంది. ముక్కుకి గుడ్డ, చేతిలో బ్రష్షు, పక్కనే అయస్కాంతపు గిన్నెలో స్క్రూలు. ముందుగదికీ వెనకగదికీ మధ్యనున్న అద్దంలోంచి ముందు ఆ నడక కనిపించింది. మోకాలి నొప్పికి కుడివైపు కాస్త ఒరుగుతూ వేసే ఆ అడుగుల్ని ఎంత దూరం నుంచైనా పోల్చుకోగలదు.

"రండమ్మా, కూర్చోండి. ఏం కావాలి?" అన్నాడు కౌంటరు దగ్గర కుర్రచేష్టలు పోని నడివయసు సేల్స్‌మన్.

"మా చిన్నకోడలు కంప్యూటర్లో ఆటలాడుతుందండీ," అంది అత్తగారు కుర్చీలో సర్దుకుంటూ. "అల్లాటప్పా ఆట కాదు. ఐదుగురు కలిసి ఒక జట్టు. ఆదివారం పదకొండింటికి ఫైనలు. ఇంట్లో ఉన్న మిషను ఆగి ఆగి నడుస్తోంది, పాపం పిల్ల నలిగిపోతోంది. మంచిది చూపించండి."

'మా పెద్దకోడలు ఇక్కడే పనిచేస్తుంది' అన్న మాట తరవాత వస్తుందేమోనని పెద్దకోడలు బ్రష్షు ఆపి మరీ విన్నది. రాలేదు. అత్తగారు సేల్స్‌మన్‌కి ఆట సంగతి చెప్పడంలో పడింది. నీలం చొక్కాలవాళ్ళు మనవాళ్ళట, ఎర్రచొక్కాలవాళ్ళు అవతలివాళ్ళట, మూల తిరిగేటప్పుడు చప్పుడు చెయ్యకూడదట.

"అక్కా!" అని చిన్నకోడలే అద్దం మీద వేళ్ళతో కొట్టింది. "బయటికి రావా! నువ్వు లేకపోతే వీళ్ళు చెప్పేది నాకొక్క ముక్క అర్థం కాదు."

పెద్దకోడలు ముక్కుగుడ్డ కిందికి లాక్కుని, చేతులు తుడుచుకుని వచ్చింది. చిన్నకోడలు మడతలు పడ్డ కాగితం ఒకటి చేతిలో పెట్టింది. కొత్త మిషనులో ఏమేం ఉండాలో రాసిన జాబితా.

"ఎవరిచ్చారిది?"

"మా టీమ్‌వాళ్ళు తలా ఒకటీ చెప్పారు. రాసుకొచ్చా."

తలా ఒకటీ చెప్పినట్టే ఉంది. బజారులో ఉన్నవాటిలోకెల్లా పెద్ద గ్రాఫిక్స్ కార్డు. దానికి కరెంటు అందించాల్సిన పవర్ సప్లై మాత్రం పిల్లల సైకిలు డైనమో లాంటిది. నాలుగువైపులా అద్దాలున్న క్యాబినెట్, గాలి వెళ్ళడానికి చీమ దూరేంత సందు. పెద్దకోడలికి లోపల్లోపల హాయిగా అనిపించింది. ఇంత తెలివితక్కువ జాబితా ఈ పిల్లదేనన్న హాయి అది.

"దీన్ని ఇలాగే కట్టిస్తే ఆట మాంచి పట్టులో ఉన్నప్పుడు టప్పున ఆగిపోతుంది," అంది.

"అయ్యో! మరి?"

"నీకు బొమ్మ అందంగా కనపడాలా, వేగంగా కనపడాలా?"

"వేగమే అక్కా. అవతలివాడు మూల తిరిగేలోపు వాడి భుజం నాకు కనపడాలి."

"అయితే ఇంత పెద్ద కార్డు నీకెందుకు? ఒక మెట్టు కిందిది చాలు. మిగిలింది ప్రాసెసర్ మీద పెట్టు. వేగమంతా దాంట్లో ఉంది. దానికి సరిపడా ర్యామ్ కావాలి, ఒకే రకానివి, జత." అంటూనే కౌంటరు మీది పెన్ను తీసుకుంది.

మొదటి గీత గీసేటప్పుడు చిన్నకోడలి తప్పులు దిద్దుతున్నాననే అనుకుంది. నాలుగో గీతకి చెయ్యి దానంతటదే నడవసాగింది. మదర్‌బోర్డు ఏది, కూలర్ ఏది, గాలి ఎటునుంచి లోపలికొచ్చి ఎటు పోవాలి, ఫ్యాన్లెన్ని అని ఆలోచించాల్సిన పని లేకుండా పేర్లు వచ్చి కాగితం మీద పడుతున్నాయి. చివరి పేరు రాశాక గానీ ఆమెకి తెలియలేదు, అది తన జాబితా అని.

ఆ జాబితా స్టాకు పుస్తకం ఆఖరి పేజీలో ఆరేళ్ళుగా ఉంది. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా ఒక పేరు కొట్టేసి మరొకటి రాస్తుంది. ఎవరి కోసమూ కాదు. ఎప్పుడో ఒకసారి, ఎవరి బేరమూ లేకుండా, ఎక్కడా రాజీపడకుండా ఒక మిషను కట్టి తన బల్ల మీద పెట్టుకోవాలని. పెట్టుకుని ఏం చేస్తావని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర జవాబు లేదు. అందుకే ఎవరూ అడిగే వీలివ్వలేదు.

"ఏమిటే అంత ఆలోచన?" అంది అత్తగారు. "మీ షాపులో ఉన్నవేగా? మంచివి చూసి ఇచ్చెయ్."

"నువ్వేది రాస్తే అదే అక్కా," అంది చిన్నకోడలు. కాగితం అందుకుని, కనీసం విప్పి కూడా చూడకుండా సేల్స్‌మన్‌కి ఇచ్చేసింది. "నాకు లైట్లు వెలిగితే చాలు. మిగతావన్నీ నువ్వు చూసుకుంటావుగా."

సేల్స్‌మన్ జాబితా చదివి తల ఊపి మెచ్చుకున్నాడు. "టాప్ సెలెక్షన్ మేడమ్! మీకు మంచి టేస్టుంది," అన్నాడు చిన్నకోడలితో. ఆమె నవ్వింది. కాదనలేదు.

వెళ్ళేముందు అత్తగారు అద్దంలోంచి వెనకగదిలోకి తొంగిచూసింది. "ఇక్కడేనా నువ్వు కూర్చునేది?" అంది. చుట్టూ చూసి తల పంకించి, "నీడపట్టున హాయిగానే ఉందిలే," అంది.

గురువారం పొద్దున్న సరుకంతా బల్లమీదికొచ్చింది. పెట్టెలు ఒకదానిమీద ఒకటి పేర్చి, పెద్దకోడలు కాసేపు ఏమీ ముట్టుకోకుండా చూస్తూ ఊరుకుంది. అట్టపెట్టెల మీది రంగులు కళ్ళల్లో పొడుస్తున్నాయి. ఆరేళ్ళపాటు పేర్లుగా ఉన్నవి ఇప్పుడు బరువుతో, వాసనతో, మూల మూలకీ తెల్లని స్పాంజి చుట్టుకుని వచ్చి కూర్చున్నాయి. ఇంకొకరింటికి పోవడానికి. ఇంకొకరింటికి కూడా కాదు, తన ఇంటికే, తన గోడ అవతలికి.

క్యాబినెట్ ఇనుప అంచుని వేళ్ళతో తాకింది. ఒంట్లో ఉన్న కాస్త కరెంటూ దానిలోకి పోవాలని మొదట చెయ్యాల్సిన పని అది. ఒంట్లో ఉన్న మిగతాది మాత్రం పోలేదు.

ప్రాసెసర్‌ని రెండు వేళ్ళతో అంచులు పట్టుకుని, మూలనున్న చిన్న గుర్తు చూసుకుని, చోటులో వదిలింది. నొక్కలేదు. నొక్కకూడదు, అదే సర్దుకుని పడుకోవాలి. పైనున్న బిగింపు కమ్మీ దించి కొక్కెంలోకి తోసింది. వేడి లాగే పేస్టు పప్పుగింజంత నడుమ పెట్టి, కూలర్ మొహం దానిమీద ఆనించి, నాలుగు స్క్రూలూ ఎదురెదురు మూలల్లో తలో రెండు చుట్లు తిప్పుకుంటూ వచ్చింది. ఒకేవైపు బిగిస్తే రెండోవైపు లేస్తుంది.

చేతులు పని చేస్తుంటే మనసు ఇంటికి పోయింది. మధ్యగదికి. ఆ గదిలో కిటికీ పక్కన ఒక బల్ల వేసుకుంటానని ఎప్పుడో అడిగింది తను. "సామాన్లకి చోటుండద్దూ?" అంది అత్తగారు. భర్త పేపర్లోంచి తల ఎత్తకుండా, "అమ్మ చెప్పిందీ నిజమేగా," అన్నాడు. చిన్నకోడలు కాపురానికొచ్చిన మూడోనెలలో సామాన్లన్నీ అటక ఎక్కాయి. గదికి కొత్త సున్నం, కొత్త బల్ల, తిరిగే కుర్చీ. ఆ పిల్ల ఆడుతుంటే అత్తగారు పళ్ళు కోసి పళ్ళెంలో పెట్టుకుని వెళ్తుంది. కుర్చీ వెనక నిలబడి, "అదుగో, ఆ గోడ పక్కన ఎవడో ఉన్నాడు చూడు తూనీగా," అని హెచ్చరిస్తుంది. తూనీగ అన్నది ఆటలో చిన్నకోడలు పెట్టుకున్న పేరు. జట్టువాళ్ళు అలాగే పిలుస్తారు, ఇప్పుడు ఇంట్లోవాళ్ళూ అలాగే పిలుస్తున్నారు. తనకి ఆ ఇంట్లో ఉన్న పేరు 'ఏమేవ్'.

తను సాయంత్రం షాపు నుంచి వచ్చేసరికి పళ్ళెంలో తొక్కలు ఉంటాయి. కడిగి బోర్లిస్తుంది.

ర్యామ్ పెట్టె విప్పింది. రెండు పొడవాటి బిళ్ళలు, వెన్నుమీద వెలిగే గీతలతో. ప్రాసెసర్ పక్కన వాటికోసం నాలుగు గాడులు. నాలుగున్నా పెట్టేవి రెండే అయినప్పుడు రెండోదాంట్లోనూ నాలుగోదాంట్లోనూ పెట్టాలి. అప్పుడే ప్రాసెసర్ రెండు దారుల్లో ఒకేసారి వాటితో మాట్లాడుతుంది. పక్కపక్క గాడుల్లో పెడితే మిషను చక్కగానే వెలుగుతుంది, చక్కగానే నడుస్తుంది, కానీ ఇద్దరూ ఒకే ఇరుకు దారిలో తోసుకుంటూ వెళ్ళాలి. ఇంటి లెక్కలు రాసుకునేవాళ్ళకి తేడా తెలియదు. మూల తిరిగేవాడి భుజం చూడాల్సినవాళ్ళకి తెలుస్తుంది, ఏమిటో తెలియకుండానే తెలుస్తుంది.

మొదటి బిళ్ళని నాలుగో గాడిలో పెట్టి రెండు బొటనవేళ్ళతో నొక్కింది. టక్. రెండోది చేతిలో పట్టుకుని ఆగింది.

పన్నెండేళ్ళలో ఆ చెయ్యి ఈ పని దగ్గర ఒక్కసారీ ఆగలేదు. చూడకుండా పెట్టగలదు, నిద్రలో పెట్టగలదు. అలాంటిది ఆగింది. తరవాత పక్కనే ఉన్న మూడో గాడి మీద ఆనించి నొక్కింది. టక్. అదే చప్పుడు, ఏ తేడా లేదు.

'తరవాత మారుస్తాలే' అనుకుంది. మార్చనని కూడా అప్పుడే తెలుసు.

స్విచ్చి వేసింది. కొత్త మిషను మొదటిసారి లేచేటప్పుడు ర్యామ్‌ని పరిచయం చేసుకోవడానికి కొంచెంసేపు పడుతుంది, అందాకా తెర నల్లగా ఉంటుంది. ఆ నల్లటి తెరలో తన మొహం కనిపించింది. తల తిప్పుకుని టీ తాగింది. వెలిగాక తెరమీద వరసగా వచ్చిన అక్షరాల్లో ర్యామ్ ఒకే దారిలో నడుస్తున్నదని రాసి ఉంది. చదివింది. ఎంటర్ నొక్కి ముందుకు పోయింది.

సాయంత్రం మరిది వచ్చి మిషనుని చంటిపిల్లనెత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకుని ఇంటికి తెచ్చాడు. మధ్యగదిలో దాన్ని పెట్టి తీగలన్నీ కలిపి వెలిగించేసరికి ఇంటిల్లిపాదీ గుమ్మంలో మూగారు. భర్త, "ఎన్ని రంగులో," అన్నాడు. అత్తగారు కళ్ళజోడు తెచ్చుకుంది.

చిన్నకోడలు నేలమీద కూర్చుని అద్దానికి మొహం ఆనించి చూసింది. "అక్కా, ఈ వెలిగే బిళ్ళలు రెండూ ఎంత ముద్దుగా ఉన్నాయో! పక్కపక్కనే ఒదిగి కూర్చున్నాయి చూడు, తోడికోడళ్ళలాగా."

అందరూ నవ్వారు. పెద్దకోడలు కూడా నవ్వింది. మొహం ఎక్కడెక్కడో లాగినట్టనిపించింది.

శుక్రవారం ఏమీ జరగలేదు. పాత మిషను కంటే ఇది ఎన్నో రెట్లు నయం గనక చిన్నకోడలు గాలిలో తేలిపోతోంది. "వెన్నలా ఉంది అక్కా," అని రెండుసార్లు చెప్పింది. పెద్దకోడలికి ఒకపక్క బెంగ తీరింది, మరోపక్క ఒళ్ళు మండింది. చేసిన పాపం కూడా ఈ పిల్ల దగ్గర చెల్లలేదే అనిపించింది.

శనివారం సాయంత్రం చెల్లింది.

అది ఆఖరి ప్రాక్టీసు. బయటినుంచి గట్టి జట్టునెవరినో పిలిచి ఆడుతున్నారు. తెరమీద పదిమంది ఒకేచోట పోగై, పొగా నిప్పూ లేచినప్పుడల్లా మిషను రెప్పపాటు తడబడుతోంది. వంటింట్లో బీన్సు తుంచుతున్న పెద్దకోడలికి మధ్యగదిలోంచి మౌసు చప్పుడు వినిపిస్తోంది. టకటకా సాగుతూ సాగుతూ ఒక్కచోట ఆగుతోంది, ఆ వెంటనే "అబ్బా" అన్న మాట. మళ్ళీ టకటకా, మళ్ళీ "అబ్బా". ఆరోసారికి ఆ మాట కూడా రాలేదు.

అత్తగారు ఖాళీ చెయ్యని పళ్ళెంతో వెనక్కొచ్చింది. "ఒక్క ముక్క ముట్టలేదు," అంది. "వాళ్ళ కెప్టెను ఏదో అంటున్నాడే. రేపు కూడా ఇలాగే ఉంటే వేరేవాళ్ళని కూర్చోబెడతాడట. ఈ పిల్ల సరేనంటోంది."

పెద్దకోడలు చేతులు తుడుచుకుని మధ్యగదిలోకి వెళ్ళింది. ఎందుకు వెళ్తోందో ఆమెకే తెలియదు. చిన్నకోడలు హెడ్‌ఫోన్లు మెడలోకి జార్చుకుని, కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఎడమచేత్తో దాని వేళ్ళు ఒక్కొక్కటే లాగుతోంది.

"మిషను ఏమన్నా ఆగుతోందా?" అంది పెద్దకోడలు.

"మిషనా? ఛ, నువ్వు కట్టిందాంట్లో లోపమేముంటుంది?" చిన్నకోడలు నవ్వబోయింది. "నా చేతులే అక్కా. వాడు కనపడ్డాడు, నొక్కాను అనుకుంటాను, అప్పటికే నేను చచ్చిపోయుంటాను. ఇన్నాళ్ళూ మిషను బాలేదు, మిషను బాలేదు అని సాకు చెప్పుకున్నా. ఇప్పుడు ఆ సాకు కూడా లేదు."

పెద్దకోడలు కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. అద్దం వెనక రెండు బిళ్ళలూ ఒకదాని రంగు ఒకటి అందుకుంటూ వెలుగుతున్నాయి. కోరుకున్నది సరిగ్గా ఇదే. ఈ పిల్ల తల వంచుకోవడం, పళ్ళెం ముట్టకుండా వెనక్కి రావడం. కోరినదంతా జరిగింది, నోట్లో మాత్రం ఇనుము నాకినట్టుంది.

"భోజనానికి రా," అని మాత్రం అని వచ్చేసింది.

ఆదివారం ఎనిమిదిన్నరకి స్క్రూడ్రైవరు జేబులో వేసుకుని మధ్యగది తలుపు తట్టింది. చిన్నకోడలు అప్పటికే కూర్చుని ఉంది. మిషను వెలిగించలేదు. ఫోన్లో కెప్టెనుకి ఏదో టైపు చేస్తోంది.

"పంపించకు," అంది పెద్దకోడలు. "ముందు దాన్ని విప్పాలి."

"దేన్ని?"

"మిషనుని. ర్యామ్ తప్పు గాడిలో ఉంది. అందుకే తడబడుతోంది. నీ చేతులు కాదు."

చిన్నకోడలు ఫోను దించింది. ఒక్కసారిగా మొహంలోకి రంగొచ్చింది. "నిజంగానా? అయ్యో అక్కా, చెప్పవేం! పొరపాటున పడిందా?"

ఆ పిల్లే దారి చూపిస్తోంది. అవునంటే చాలు. అవునని ఒక్క మాటంటే ఐదు నిమిషాల్లో అంతా సర్దుకుంటుంది, పైగా సమయానికి కనిపెట్టినందుకు మెచ్చుకోలు కూడా దక్కుతుంది. నోరు తెరిచింది.

"కాదు," అంది. "తెలిసే పెట్టాను."

"తెలిసే అంటే?"

"అంటే తెలిసే."

చిన్నకోడలు ఆమె మొహంలోకి చూసింది. హెడ్‌ఫోను తీగని వేలికి చుట్టుకుంటోంది, విప్పుకుంటోంది. "ఎందుకు?"

రాత్రంతా కూర్చుకున్న మాటలు, మధ్యగది, పళ్ళెం, పన్నెండేళ్ళ బల్ల, ఏవీ నోటికి రాలేదు. అవన్నీ కారణాల్లా వినిపిస్తాయి.

"కుళ్ళు," అంది పెద్దకోడలు. "నిన్ను చూస్తే కుళ్ళు."

వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు. అది నాలుగు తన్నులకి గానీ అందుకోలేదు. అది వెళ్ళిపోయాక చిన్నకోడలు లేచింది. మిషను తీగ పీకింది.

"ఎక్కడ పెట్టాలి?"

"నువ్వు జరుగు, నేను పెడతాను."

"వద్దు. మీరు చెప్పండి. నేను పెడతాను."

ఆ 'మీరు' వినగానే పెద్దకోడలు చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. స్క్రూడ్రైవరు ఇచ్చింది. చిన్నకోడలు పక్క అద్దం విప్పి గోడకి ఆనించింది. క్యాబినెట్ అంచు తాకమంది పెద్దకోడలు, తాకింది. మూడో గాడి చివరున్న క్లిప్పు కిందికి తొయ్యమంది, తోసింది. "ఇప్పుడు నిలువుగా పైకి లాగు. భయపడకు, గట్టిగానే వస్తుంది. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టు. రెండోది. నడిమి గంటు చూసుకో, అటూ ఇటూ అయితే దిగదు. రెండు చివర్లా బొటనవేళ్ళు పెట్టి నొక్కు."

"విరిగిపోతుందేమో."

"విరగదు. ఇంకా."

టక్.

"ఏమిటర్రా, పొద్దున్నే విప్పేశారు?" అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో కోసిన పళ్ళ పళ్ళెం.

"ఏం లేదత్తయ్యా," అంది చిన్నకోడలు తల ఎత్తకుండా. "చిన్న పని."

స్విచ్చి వేశారు. తెర నల్లగా ఉంది. ర్యామ్ చోటు మారితే మళ్ళీ పరిచయాలు మొదలవుతాయని పెద్దకోడలికి తెలుసు, చిన్నకోడలికి తెలియదు. ఒక నిమిషం గడిచింది. చిన్నకోడలు ఆమెవైపు చూసిన చూపులో అనుమానమే ఉంది, ఇంకేమీ లేదు. "కాసేపు పడుతుంది," అంది పెద్దకోడలు. రెండో నిమిషం సగంలో తెర వెలిగింది. "ఆ మూడో వరస చదువు," అంది. చిన్నకోడలు చదివింది. రెండు దారులూ తెరుచుకున్నాయి. కుర్చీ దగ్గరికి లాక్కుంది.

పదకొండింటికి ఆట మొదలైతే పెద్దకోడలు వంటింట్లోంచి కదల్లేదు. మౌసు చప్పుడు వింటోంది. ఈసారి ఎక్కడా ఆగడం లేదు, వానపడ్డట్టు ఒకటే ధార. అత్తగారి కేకలు కూడా వినిపిస్తున్నాయి. "కొట్టు, కొట్టు! ఆ, అద్దీ!" ఒకటిన్నరకి ఆ కేకలు సన్నగిల్లాయి. తరవాత కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు.

చిన్నకోడలు వంటింట్లోకొచ్చి కుళాయి విప్పి మొహం కడుక్కుంది. చివరి ఆటలో చివరి పాయింటు దగ్గర పోయిందని అప్పటికే హాల్లో అత్తగారు మరిదికి చెబుతోంది.

చిన్నకోడలు నీళ్ళు కారుతున్న మొహంతోనే ఇటు తిరిగింది. "నిన్న పోగొట్టింది నేను కాదు," అంది. "ఇవాళ మాత్రం నేనే. ఎడమవైపు చూడాల్సింది, చూడలేదు. ఆ తేడా తెలియాలిగా మనిషికి." తువ్వాలు తీసుకుని వెళ్ళిపోయింది.

సోమవారమంతా పెద్దకోడలు ఎదురుచూసింది. అత్తగారు పిలిచినప్పుడల్లా తెలిసిపోయిందనుకుంది. పిలిచింది గ్యాసు సంగతి అడగడానికి, ఇంకోసారి సూదిలో దారం ఎక్కించడానికి. రాత్రి భోజనాల దగ్గర అత్తగారే తీసింది మాట. "అంత మిషను పెట్టి కూడా ఎలా ఓడారే?" పెద్దకోడలి చేతిలో గరిటె నిలిచిపోయింది. "మిషను మంచిదే అత్తయ్యా," అంది చిన్నకోడలు, మంచినీళ్ళు ఒంపుకుంటూ. పెద్దకోడలి వంక చూడలేదు. తిట్టినా బాగుండును. నలుగురిలో నిలబెట్టినా బాగుండును. ఆ పిల్ల ఆ మాటని తన దగ్గరే ఉంచేసుకుంది. ఎప్పుడు బయటికి తీస్తుందో, అసలు తీస్తుందో లేదో తెలియదు. తన మీద పెత్తనం ఆమె చేతికి తనే ఇచ్చినట్టయింది.

మంగళవారం పదకొండున్నరకి షాపు ముందు టాక్సీ ఆగింది. చిన్నకోడలు ఒక్కతే దిగింది. దుప్పటి చుట్టిన మిషనుని పొట్టకి ఆనించుకుని, గడప దగ్గర కాలితో తలుపు తోసుకుంటూ లోపలికొచ్చింది.

వెనక్కి ఇచ్చెయ్యడానికి తెచ్చిందనుకుంది పెద్దకోడలు. బల్ల దగ్గరే లేచి నిలబడింది.

"కంప్లైంటా మేడమ్?" సేల్స్‌మన్ ఎదురెళ్ళాడు. "ఇటివ్వండి, నేను చూస్తాను."

"మీతో కాదండీ. లోపల ఆవిడతో పని."

బల్ల మీద ఖాళీ చేసి చోటిచ్చింది పెద్దకోడలు. చిన్నకోడలు మిషను దించి, దుప్పటి మడతపెట్టి, మూలనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. ఆ స్టూలు మీద ఇంతవరకూ పాత కీబోర్డులే కూర్చున్నాయి, ఇంటి మనిషెవరూ కూర్చోలేదు.

"విప్పండి," అంది.

"ఏమైంది?"

"ఏం కాలేదు. దీంట్లో ఏది ఎందుకు పెట్టారో నాకు చెప్పాలి. ఒక్కొక్కటీ. నాకు తెలియనిది ఏదీ ఇకమీదట దీంట్లో ఉండకూడదు."

గొంతులో కోపం లేదు. చనువూ లేదు. బ్యాగులోంచి చిన్న నోటుపుస్తకం తీసి, పెన్ను మూత పంటితో లాగి, ఎదురుచూస్తోంది.

పెద్దకోడలు అద్దం విప్పింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. పన్నెండేళ్ళుగా ఈ పని చేస్తోంది గానీ దీన్ని నోటితో చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. అడిగినవాళ్ళు లేరు. అడుగునున్న నల్లటి పెట్టె మీద వేలు పెట్టింది.

"ఇది పవర్ సప్లై. నీ కాగితంలో రాసిందానికి రెండింతలది పెట్టాను."

"ఎందుకు? సగం చాలుతుందన్నాడు మా టీమ్‌వాడు."

"చాలుతుంది, నువ్వు ఊరికే కూర్చున్నప్పుడు. కార్డుకి ఒక్కోసారి ఉన్నట్టుండి ఆకలేస్తుంది. ఆ ఒక్క క్షణం అడిగినంతా పెట్టలేకపోతే మొత్తం పడిపోతుంది."

చిన్నకోడలు రాసుకుంది. "ఈ ఫ్యాను ఇటెందుకు తిరిగి ఉంది? మిగతావి అటున్నాయిగా?"

"అవి లోపలికి పీలుస్తాయి, ఇది బయటికి ఊదుతుంది. అన్నీ ఒకే తీరున పెడితే వేడి లోపలే తిరుగుతుంది."

"ఎలా నమ్మడం?"

పెద్దకోడలు టిష్యూ కాగితం ఒకటి చింపి ఇచ్చింది. మిషను వెలిగించి, ముందు ఫ్యాను దగ్గర పట్టుకోమంది. కాగితం జాలీకి అంటుకుపోయింది. వెనక పట్టుకోమంది. బయటికి రెపరెపలాడింది. చిన్నకోడలు రెండుసార్లు అటూ ఇటూ పట్టి చూసి, అప్పుడు రాసుకుంది.

అడుగుతూనే ఉంది. ప్రతి ప్రశ్నలోనూ చిన్న ముల్లుంది. ఇదే ఎందుకు, ఇంకోటెందుకు కాదు, ఇది మీకు ఇష్టమని పెట్టారా నాకు అవసరమని పెట్టారా. ఆ ఆఖరిదానికి పెద్దకోడలు ఆగి, ఆ కూలర్ తనకి ఇష్టమనే పెట్టానని, ఇంకోటైనా సరిపోయేదని ఒప్పుకుంది. చిన్నకోడలు అదీ రాసుకుంది. సేల్స్‌మన్ ఏదో పనిమీద వచ్చినట్టు వచ్చి, తలుపు దగ్గరే నిలబడిపోయాడు. ముందుగదిలో ఎవరో పిలుస్తున్నా కదల్లేదు.

గాలి దారి నుంచి ప్రాసెసర్‌కీ, ప్రాసెసర్ నుంచి ర్యామ్‌కీ వచ్చేసరికి పెద్దకోడలి గొంతు బొంగురుపోయింది. అంతసేపు ఏకబిగిన ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. నాలుగు గాడుల దగ్గర వేలు ఆగింది. దాటెయ్యలేదు. ఏది ఏ దారికి చెందుతుందో, పక్కపక్కన పెడితే ఏం జరుగుతుందో, తను చేసిందేమిటో, తెరమీద ఏ మాట చూస్తే అది బయటపడుతుందో, మొత్తం చెప్పింది. చెప్పేటప్పుడు మాట తొందరపడి ఒకదానిమీద ఒకటి పడింది.

చిన్నకోడలు పెన్ను ఎత్తింది. పేజీ తిప్పింది.

"ఇది సరిగా అందలేదు," అంది. "మళ్ళీ చెప్పండి. మెల్లగా."

పెద్దకోడలు కుర్చీని స్టూలు పక్కకి జరుపుకుని, ప్రాసెసర్ వైపు నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.